వాన్ పెర్సీ సంగతి తర్వాత, ముందు అమ్మతో మాట్లాడండి

ప్రశ్న: నా వయసు 38. నాకు ఒక అన్నయ్య, ఒక చెల్లెలు. అన్నయ్యా నేనూ చిన్నప్పటి నుంచి ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్బుకు అభిమానులం. ఆ పిచ్చి నాకు అంటించింది అన్నయ్యే. నాన్న పోయినప్పుడు అన్నయ్య చదువు ఆపేసి ఉద్యోగంలో చేరి నన్ను చదివించాడు. తర్వాత ఒక ప్రమాదంలో కాలు విరిగి ఏడాదిపాటు మంచం మీద ఉంటే అమ్మా నేనూ అన్నీ చేశాం. అతన్ని ఎత్తి కూర్చోబెట్టింది, ఆసుపత్రుల చుట్టూ తిప్పింది, అప్పులు తెచ్చింది నేనే. లేచి నడిచిన ఆరు నెలలకే అన్నయ్య అత్తవారి ఊరికి మకాం మార్చాడు. వదిన వాళ్లకు ఒక్కతే కూతురని సాకు చెప్పాడు. ఏడేళ్లుగా అమ్మ నా దగ్గరే ఉంటోంది. రాత్రిళ్లు ఆమె గదిలో నా భార్య పడుకుంటుంది. ఈ మధ్య బంధువులందరూ ఉన్న ఫోను గ్రూపులో ఒకప్పుడు ఆర్సెనల్‌కు కెప్టెన్‌గా ఉండి, పోటీ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లిపోయిన రాబిన్ వాన్ పెర్సీ గురించి వాదన వచ్చింది. అన్నయ్య అతన్ని వెనకేసుకొచ్చాడు. నేను, ‘దెబ్బలు తగిలినప్పుడు మోసినవాళ్లను కాళ్లు బాగుపడగానే వదిలేసి పోయేవాడు కెప్టెనా? అలాంటి కెప్టెన్ మన ఇంట్లోనూ ఉన్నాడు’ అని రాశాను. అన్నయ్య ఒక్క మాటా అనకుండా గ్రూపు నుంచి వెళ్లిపోయాడు. మూడు నెలలుగా మా మధ్య మాటల్లేవు. అమ్మ అన్నం సరిగా తినడం లేదు. అన్నయ్య ఆమెకు మాత్రం ఫోను చేస్తాడు. అతను ఫోను చేసిన రోజే అమ్మ ముఖంలో కళ ఉంటుంది. ఆటను ఆటగా తీసుకోలేకపోయింది అన్నయ్యే కదా? నిష్పక్షపాతంగా చెప్పండి, వాన్ పెర్సీ ద్రోహి అవునా, కాదా?

జవాబు: కాదు. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. అయితే కారణం చెప్పకపోతే మీరు ఈ ఒక్క మాట పట్టుకుని వాదిస్తూనే ఉంటారు, తర్వాత చెప్పేది చెవికెక్కదు. అందుకని ఆ లెక్క ముందే తేల్చేద్దాం.

2004లో ఫెయెనూర్డ్ క్లబ్బు నుంచి 27.5 లక్షల పౌండ్లకు వచ్చిన కుర్రవాడు ఆర్సెనల్‌లో ఎనిమిది సీజన్లు ఆడాడు. వాటిలో చాలా భాగం గాయాలు మింగేశాయన్నది నిజం. 2009 నవంబరులో ఇటలీతో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో చీలమండ దెబ్బతిని నెలల తరబడి మైదానానికి దూరమయ్యాడు. క్లబ్బు ఓపిక పట్టింది, కోచ్ ఆర్సేన్ వెంగర్ నమ్మకం వదులుకోలేదు. 2011లో అప్పటి కెప్టెన్ ఫాబ్రెగాస్ బార్సిలోనాకు వెళ్లిపోయాక ఇతన్ని కెప్టెన్‌ను చేశారు. ఆ సీజన్‌లో 38 లీగ్ మ్యాచ్‌లూ ఆడి 30 గోల్స్ కొట్టాడు. తనమీద పెట్టిన నమ్మకానికి అంతకంటే ఎవరేం చేస్తారు? ఒప్పందం ఇంకో ఏడాది ఉండగానే, 2012 జులై 4న, దాన్ని పొడిగించుకోనని ప్రకటించాడు. మరుసటి ఏడాది ఊరికే పోగొట్టుకోవడం కంటే ఇప్పుడే అమ్ముకోవడం మేలని క్లబ్బు ఆగస్టులో 2.4 కోట్ల పౌండ్లు తీసుకుని మాంచెస్టర్ యునైటెడ్‌కు ఇచ్చేసింది. అమ్మకం పత్రాల మీద ఆర్సెనల్ సంతకం కూడా ఉంది. దాన్ని ద్రోహం అనడానికి వీల్లేదు.

తప్పు చేయలేదా అంటే, చేశాడు. క్లబ్బు ఏ దారిలో నడవాలన్న విషయంలో తనకు పెద్దలతో పొసగడం లేదని లోకమంతా చదివేలా రాశాడు. కెప్టెన్ అన్నవాడు ఆ మాట నాలుగు గోడల మధ్య చెప్పి, నోరు మూసుకుని బయటికి రావాలి. ఆపైన యునైటెడ్ గడప తొక్కుతూ, తన లోపలి చిన్నపిల్లవాడు ఆ క్లబ్బు కోసమే కేకలు పెడుతున్నాడని అన్నాడు. ఎనిమిదేళ్లు తన పేరున్న చొక్కా వేసుకుని తిరిగిన అభిమానులకు ఆ మాట ఎలా తగులుతుందో ఆలోచించలేదు. వెళ్లే హక్కు అతనికి ఉంది, కానీ వెళ్లే పద్ధతిలో మర్యాద లేదు. నా దృష్టిలో అతని నడవడికకు పడిన మచ్చ అదొక్కటే, చిన్నది కూడా కాదు.

ఇప్పుడు మీరు గ్రూపులో రాసిన వాక్యం మళ్లీ చదవండి. అన్నయ్యను గదిలో కూర్చోబెట్టి అడగాల్సిన మాటను చెల్లెలి ముందు, పినతండ్రుల ముందు, వాళ్ల పిల్లల ముందు పెట్టారు. మీరు ఏ కెప్టెన్‌ను తప్పుపడుతున్నారో అతను చేసిన తప్పే మీరూ చేశారు. అన్నయ్య మాత్రం బయటికి వెళ్తూ ఒక్క మాట కూడా అనలేదు. ఆటను ఆటగా తీసుకోలేకపోయింది ఎవరని నన్ను అడుగుతున్నారు. ఆ వాక్యంలో ఆట ఎక్కడుంది?

ఇంకో సంగతి. ఆర్సెనల్ అభిమానులై ఉండి వదిలిపోవడం గురించి మాట్లాడేటప్పుడు థియరీ హెన్రీని ఎలా మరిచిపోయారు? 2007లో కెప్టెన్‌గా ఉండగానే బార్సిలోనాకు వెళ్లిపోయాడు. అయినా 2011 డిసెంబరులో ఆర్సెనల్ సొంత మైదానమైన ఎమిరేట్స్ స్టేడియం బయట అతని విగ్రహం పెట్టారు. ఆట మొదలుపెట్టిన నాటి నుంచి విరమించే దాకా మరో క్లబ్బు గడప తొక్కని టోనీ ఆడమ్స్ విగ్రహం కూడా అప్పుడే, అక్కడే వెలిసింది. ఉండిపోయినవాడికీ వెళ్లిపోయినవాడికీ ఒకే గౌరవం దక్కింది. సోల్ క్యాంప్‌బెల్ సంగతి ఇంకా తేటతెల్లం. టాటెన్‌హామ్‌కు కెప్టెన్. ఒప్పందం పూర్తిగా ముగిసే దాకా ఆగి, 2001లో తన క్లబ్బుకు ఒక్క పైసా దక్కకుండా, ఆ క్లబ్బుకు బద్ధశత్రువైన ఆర్సెనల్‌కే వచ్చాడు. టాటెన్‌హామ్ అభిమానులు ఈనాటికీ క్షమించలేదు. మీరేమో 2003-04లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడని జట్టులో అతనున్నాడని గర్వంగా చెప్పుకుంటారు. టాటెన్‌హామ్ మైదానంలోనే ఆ ఏడాది టైటిల్ ఖాయమైతే, అతనూ ఆడాడని చెప్పుకుంటూ మురిసిపోతారు.

అంటే మీ కోపం వెళ్లిపోవడం మీద కాదన్నమాట, ఎక్కడికి వెళ్లాడన్నదాని మీద. అన్నయ్య ఉద్యోగం కోసం విదేశం వెళ్లి ఉంటే ఇదే గ్రూపులో అతని ఫోటోలు పెట్టి మీరే గొప్పలు చెప్పేవారు. వెళ్లింది అత్తవారి ఊరికి కాబట్టి మీకు యునైటెడ్ గుర్తొచ్చింది. మీ వదిన తన తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కూతురు. ఆమె వాళ్లను చూసుకోవాలనుకోవడం సాకు ఎలా అవుతుంది? రేపు మీ చెల్లెలు అమ్మ కోసం వచ్చి నెల రోజులు ఉంటే దాన్ని ప్రేమ అంటారా, సాకు అంటారా? కోడలికి కూడా అమ్మానాన్నలు ఉంటారు. కన్నవాళ్లను చూసుకోవడం కొడుకుల సొత్తన్న ఆలోచనను నేను ఏనాడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉత్తరంలో అన్నయ్య కాలు విరిగిన ఏడాది గురించి ఎంత వివరంగా రాశారో చూసుకోండి. చదువు ఆపేసి మిమ్మల్ని చదివించిన సంవత్సరాలకు ఒక్క వాక్యం సరిపెట్టారు. అయినా మీరు కృతజ్ఞత లేనివారని నేను అనుకోవడం లేదు. ఆ తర్వాత, పోనీలే అన్నట్టుగా, ఇంకో మాట రాశారు: అన్నయ్య ఫోను చేసిన రోజే అమ్మ ముఖంలో కళ ఉంటుందని. మీ ఉత్తరం మొత్తంలో నిజంగా నొప్పితో రాసిన వాక్యం అదొక్కటే. వాన్ పెర్సీ గురించి రాసినదాంట్లో కోపం ఉంది కానీ ఆ నొప్పి లేదు.

2013 ఏప్రిల్ 28 మీకు బాగా గుర్తుండే ఉంటుంది. యునైటెడ్ టైటిల్ గెలిచేసింది, వాన్ పెర్సీ ఆ సీజన్‌లో 26 లీగ్ గోల్స్ కొట్టాడు. తర్వాతి మ్యాచ్ ఎమిరేట్స్‌లో. టైటిల్ గెలిచిన జట్టును గౌరవించే ఆనవాయితీ ప్రకారం ఆర్సెనల్ ఆటగాళ్లు రెండు వరుసల్లో నిలబడి, తమను వదిలి వెళ్లినవాడు నడిచి వస్తుంటే చప్పట్లు కొట్టారు. ప్రేక్షకులు అతన్ని గేలి చేశారు. అతను పెనాల్టీ గోల్ కూడా కొట్టాడు. అభిమానులు అతని ముఖం మీద కోపంతో ఆ రోజును తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ వరుసల్లో నిలబడినవాళ్లు గుర్తొస్తారు. క్లబ్బును వదలకుండా ఉన్నది వాళ్లు, చప్పట్లు మాత్రం అతనికి. మీ ఇంట్లో అన్నయ్య ఫోను మోగిన ప్రతిసారీ మీరు ఆ వరుసలో నిలబడుతున్నారు. ఏడేళ్లుగా నిలబడుతున్నారు.

మీ తగాదా అమ్మతో. ఆ మాట పైకి అనడం పాపమని మీకు అనిపిస్తుంది కాబట్టి అన్నయ్యను పట్టుకున్నారు. అన్నయ్యను నేరుగా అనడానికి కూడా మనసు రాలేదు కాబట్టి ఒక ఫుట్‌బాల్ కెప్టెన్‌ను పట్టుకున్నారు.

అమ్మ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. భర్త పోయిన ఏడాది ఆమె పెద్దకొడుకు చదువు ఆగిపోయింది. ఏ తల్లీ దాన్ని మరిచిపోదు. వాడి జీవితం తన వల్ల చిన్నదైపోయిందన్న బెంగ ఆమెలో ఇన్నేళ్లుగా ఉండి ఉంటుంది. ఆ ఫోను వస్తే వాడు బాగున్నాడని, తన మీద మనసులో ఏమీ పెట్టుకోలేదని ఆమెకు తెలుస్తుంది. మీ గురించి అలాంటి బెంగే లేదు. మీరు పక్క గదిలోనే ఉన్నారు. దాన్ని మీరు ప్రేమ తక్కువ కావడంగా లెక్క వేసుకున్నారు.

అలాగని నోరు మూసుకుని సేవ చేయమని నేను చెప్పను. చేసిన పనికి ఒక మంచి మాట కోరుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. కొడుకైనంత మాత్రాన గుర్తింపు అక్కర్లేదని చెప్పే పెద్దమనుషులు, ఆ సేవ తాము చేయాల్సి వచ్చినప్పుడు ఎక్కడ ఉంటారో నేను చూస్తూనే ఉన్నాను. మీ పొరపాటు ఏమిటంటే, అడగకుండానే అమ్మ గ్రహించాలని ఏడేళ్లు కాచుకోవడం. అది జరగకపోయేసరికి చేసిన ప్రతి పనినీ అన్నయ్య ఖాతాలో అప్పుగా రాసుకుంటూ వచ్చారు. అతను తన చదువును మీ ఖాతాలో రాసి ఉంటే మీరు ఈపాటికి ఎంత బాకీ పడేవారో ఒకసారి ఆలోచించండి.

మొదట అమ్మతో మాట్లాడండి, అన్నయ్యతో తర్వాత. ఆమె తీరిగ్గా ఉన్నప్పుడు ఒంటరిగా పక్కన కూర్చోండి. అన్నయ్య పేరు ఎత్తవద్దు, పోలిక తేవద్దు. ‘అమ్మా, నేను నీకు చేసేది నీకు సంతోషంగా ఉందా? నా నోటితో అడుగుతున్నాను, నీ నోటితో చెప్పు’ అని అడగండి. ఆమె ఏడవవచ్చు, కోప్పడవచ్చు, ఇదేం ప్రశ్న అని కసరవచ్చు. లేచి వెళ్లిపోకండి, జవాబు వినండి. ఆమె అన్నం సరిగా తినకపోవడానికి కారణం మీ ఇద్దరి మౌనమే. మూడు నెలలుగా ఆ విషయం ఆమెతో ఎవరూ మాట్లాడలేదని నా అనుమానం.

రాత్రిళ్లు అమ్మ గదిలో పడుకునేది మీ భార్య అని మీరే రాశారు. మీరు అమ్మ నుంచి ఆశిస్తున్న మంచి మాట ఆమెకు మీ నుంచి ఎప్పుడైనా దక్కిందా? ఈ వారం నుంచి సగం రాత్రులు మీరు పడుకోండి. దీని మీద నాకు ఇంకేమీ చెప్పాలని లేదు.

తర్వాత అన్నయ్య సంగతి. నలుగురిలో అన్న మాటకు క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పాలి. అతను గ్రూపులో లేకపోయినా సరే, ‘అన్నయ్య గురించి నేను రాసిన మాట తప్పు, మా చదువు అన్నయ్య పెట్టిన భిక్ష’ అని అక్కడ రాయండి. తర్వాత ఫోను చేయండి. ఎత్తకపోతే వెళ్లి కలవండి. ‘కానీ’ అన్న మాట జోడించకుండా క్షమాపణ చెప్పి, ఆ రోజుకు తిరిగి రండి.

బాధ్యత గురించి వేరే రోజు అడగండి, గట్టిగానే అడగండి. అత్తమామలను చూసుకోవడం అతని మంచితనమే, దానివల్ల కన్నతల్లి బాధ్యత తీరిపోదు. వారానికి ఒక ఫోనుతో కొడుకు పని పూర్తవదని అతనికి ఎవరో ఒకరు చెప్పాలి, ఆ హక్కు అందరికంటే మీకే ఉంది. ఆసుపత్రి ఖర్చులో ఎంత భరిస్తాడు, ఏడాదిలో ఎన్నాళ్లు వచ్చి అమ్మ దగ్గర ఉంటాడు, ఆ రోజుల్లో మీరూ మీ భార్యా ఎక్కడికైనా వెళ్లి రాగలరా అన్నవి స్పష్టంగా మాట్లాడుకోండి. అమ్మ కొన్ని నెలలు అక్కడ ఉండటం గురించి మాత్రం మీరిద్దరూ తేల్చేయకండి, ఆమెనే అడగండి. వెళ్తానంటే మీరే తీసుకెళ్లి, మందులు ఏ పూట ఏవో మీ వదినకు చెప్పి, ఆ రాత్రి అక్కడే భోంచేసి రండి.