శాసనం ఆగిన చోట

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నోరి నరసింహశాస్త్రి గారి చారిత్రక నవల 'నారాయణభట్టు'ను సగంలో ఆపేశాననీ, కథకు పాండిత్యం అడ్డుపడుతున్నదనీ నీవు రాసిన ఉత్తరం అందింది. కోపం రాలేదు, నీ వయసులో నేనూ ఆ పుస్తకాన్ని అలాగే పక్కన పెట్టినవాణ్ణే.

దాన్ని మళ్లీ తెరిచే ముందు 1053లో రాగిరేకుల మీద చెక్కిన నందంపూడి శాసనపాఠం ఒకసారి చదువు. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు అగ్రహారం ఇచ్చాడనీ, ఆయన సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషలలో కవిశేఖరుడనీ అందులో ఉంటుంది; దాన్ని రచించినవాడు నన్నయభట్టే. తన మహాభారతం అవతారికలో, అంటే తొలి పద్యాలలో, అదే నన్నయ, యుద్ధంలో అర్జునుడికి నారాయణుడు తోడైనట్లు తన సహాధ్యాయి నారాయణభట్టు తనకు తోడైనాడని ఒక్క పద్యంలో చెప్పి ఊరుకున్నాడు. ఆ మనిషి ఎలా నవ్వేవాడో, మిత్రుడి పద్యం నచ్చనప్పుడు ఏమనేవాడో రాగిరేకులలో లేదు. పండితుడైన నవలాకారుడు అక్కడ మొదలుపెడతాడు. కల్పన మనమూ చేస్తాము. కాని రేకులలో ఉన్నదాన్ని కాదనకుండా లేనిదాన్ని పూరించాలంటే ఆ ఖాళీ ఎంతమేరకో తెలియాలి, అది చదువుతో తప్ప రాదు. (శాస్త్రిగారు రేపల్లెలో వకీలు, పత్రం ఎంతవరకు సాక్ష్యం చెబుతుందో, ఎక్కడ మౌనం వహిస్తుందో ఆయనకు వేరే చెప్పాలా?)

నా సంగతీ విను. తొలిరోజుల్లో నన్నయ కాలం మీద ఒక కథ రాసి, నాయికను పెరట్లో జామచెట్టు కింద కూర్చోబెట్టాను. చేతిప్రతి చదివిన ముసలి మాస్టారొకరు 'జామ' అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టి, "ఈ చెట్టు పోర్చుగీసువారి ఓడలో రావడానికి ఇంకా అయిదువందల ఏళ్లు పడుతుంది నాయనా" అని రాశారు. మిగిలిన కథ గురించి ఒక్క ముక్క లేదు. అంత సిగ్గుపడ్డాక గాని శాస్త్రిగారి పేజీలలో కనబడనిదేదో నాకు కనబడలేదు: అక్కడ జామచెట్టు లేదు.

శాస్త్రిగారి 'రుద్రమదేవి', 'మల్లారెడ్డి' తరువాత చదువుదువుగాని. ఈ ఆదివారం సింహాచలం కొండెక్కు. 1516లో కృష్ణదేవరాయలు స్వామికి 991 ముత్యాల హారం సమర్పించినట్టు అక్కడ శాసనం ఉంది. వేయి అని ఉజ్జాయింపుగా చెక్కించలేదు. ఎవరో కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టి ఉండాలి. ఆ లెక్కపెట్టినవాడి మీద రెండు పేజీలు రాసి పంపు. ఎర్రసిరా సిద్ధంగా ఉంచుకుంటాను.