సదుపాయాలు తీసేసిన కంపెనీ రద్దు రుసుము అడగవచ్చునా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలోని ఒక గ్రామం. రొయ్యల చెరువుల మీద పని కావడంతో చాలా రాత్రులు గట్టు మీదే గడిచిపోతాయి. అందుకే దాటిపోయిన కార్యక్రమాన్ని వారం రోజుల వరకు వెనక్కి వెళ్లి చూసుకునే వీలు, అవే చానళ్లను ఫోన్‌లో చూసుకునే వీలు ఉన్న డీటీహెచ్ ప్లాన్‌ను ఎంచుకుని, ఏడాదికి 4,800 రూపాయలు ముందుగానే కట్టాను. ఐదో నెల ముగిసేసరికి ఆ రెండు సదుపాయాలనూ నిలిపివేశామని ఒక మెసేజ్ పంపి ఊరుకున్నారు. కనెక్షన్ రద్దు చేయమంటే, గడువు నిండలేదు కాబట్టి మిగిలిన సొమ్ము రాదని, పైగా 1,500 రూపాయల రద్దు రుసుము కట్టాలని, సదుపాయాలను మార్చే హక్కు తమకు షరతుల్లోనే ఉందని అంటున్నారు. నాకు దారి ఏమైనా ఉందా?

– ఒక పాఠకుడు, అల్లూరు మండలం

జవాబు: ఉంది. అయితే ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. ‘నాకు వద్దు, తీసేయండి’ అని కస్టమర్ కేర్‌కు మళ్లీ ఫోన్ చేయకండి. ఆ మాట నమోదైతే, గడువుకు ముందే మీ ఇష్టంతో మీరు తప్పుకున్నట్టు అవుతుంది. రద్దు రుసుము షరతు వర్తించేది సరిగ్గా అటువంటి వారికే. మీ విషయం అది కాదు. మీరు ఏ రెండు సదుపాయాల కోసం ఈ ప్లాన్ తీసుకున్నారో వాటిని కంపెనీయే ఆపివేసింది. కనుక ‘ఒప్పుకున్న సేవ మీరు ఇవ్వడం లేదు, ఆ కారణంగానే నేను ఒప్పందాన్ని ముగిస్తున్నాను’ అని ఈమెయిల్ ద్వారాను, రిజిస్టర్డ్ పోస్టు ద్వారాను రాతపూర్వకంగా తెలియజేయండి. మిగిలిన ఏడు నెలలకు నెలకు 400 చొప్పున 2,800 రూపాయలు తిరిగి ఇవ్వాలని, రద్దు రుసుము వసూలు చేయరాదని అందులోనే అడగండి. జవాబుకు పదిహేను రోజుల గడువు ఇస్తే సరిపోతుంది.

‘మార్చే హక్కు మాకుంది’ అన్న షరతును చూసి వెనకడుగు వేయనక్కరలేదు. పాత ఒప్పందాన్ని మార్చి దాని స్థానంలో కొత్తది పెట్టుకోవాలంటే ఇరుపక్షాలూ అంగీకరించాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 62వ సెక్షన్ చెబుతోంది. ఒప్పందాన్ని మీరే ఉల్లంఘించారని కాసేపు అనుకున్నా, రాసి ఉన్న జరిమానా మొత్తం యథాతథంగా రాదు; దానికి లోబడి సమంజసమైన పరిహారం మాత్రమే దక్కుతుందని 74వ సెక్షన్ అంటోంది. ఇక్కడ సేవను తగ్గించినది కంపెనీ అయినప్పుడు 1,500 రూపాయలు అడగడంలో న్యాయం నాకు కనిపించడం లేదు.

మీ పక్షం ఎంత బలంగా నిలుస్తుందనేది మాత్రం ఆధారాలను బట్టి ఉంటుంది. ఆ రెండు సదుపాయాలు ప్లాన్‌లో భాగమని రసీదులోనో, కరపత్రంలోనో, కంపెనీ యాప్‌లోనో, కనెక్షన్ ఇచ్చినప్పటి మెసేజ్‌లోనో ఎక్కడ రాసి ఉన్నా దాన్ని ఈ రోజే ఫోటో తీసి భద్రపరచండి, ఎందుకంటే యాప్‌లోని వివరాలను కంపెనీ ఎప్పుడైనా మార్చివేయవచ్చు. కనెక్షన్ పెట్టిన కుర్రవాడు నోటిమాటగా చెప్పినదే ఆధారమైతే, లేదా ‘ఉచితంగా, కొంతకాలం మాత్రమే’ అని ఎక్కడైనా రాసి ఉంటే, మీ వాదన బలహీనపడుతుందని దాచకుండా చెబుతున్నాను.

ఉత్తరానికి స్పందన రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చిన్న మొత్తాల తగాదాలు ఈ దశలోనే తేలిపోవడం కద్దు. టెలికాం, టీవీ సేవలను పర్యవేక్షించే ట్రాయ్ నియంత్రణ సంస్థే తప్ప విడివిడి ఫిర్యాదులపై తీర్పు చెప్పదు కాబట్టి అక్కడికి రాసి కాలం పోగొట్టుకోవద్దు. అప్పటికీ తేలకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు కనుక ఫీజు లేదు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ఒక మెలకువ పాటించండి: ఫిర్యాదును ‘సేవాలోపం’గా రాయండి. ‘అన్యాయమైన ఒప్పందం’ అని ఆ షరతునే సవాలు చేస్తే, అటువంటి ఫిర్యాదును విచారించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లవలసి వస్తుంది. 2,800 రూపాయల కోసం అంత దూరం తిరగడం మీకు భారమవుతుంది.

వచ్చే ఏడాది చందా దానంతట అదే తెగేలా యూపీఐలో ఆటోపే పెట్టి ఉంటే దాన్ని మీ ఫోన్‌లోనే ఇప్పుడే రద్దు చేసుకోండి. సెట్‌టాప్ బాక్సు కంపెనీది అయితే, వాపసు అడిగినప్పుడు దాని నంబరు, తేదీ రాసిన రసీదు చేతికి అందిన తరువాతే అప్పగించండి. ఆ కాగితం లేకపోతే బాక్సు ఖరీదు కూడా మీ లెక్కలోనే వేసే అవకాశం ఉంది.