రక్తం ఆగింది కదా, మందు మానేయొచ్చా?

పెద్దపేగు పూత (అల్సరేటివ్ కొలైటిస్), పేగుల్లో ఎక్కడైనా వాపు తెచ్చే క్రోన్స్ జబ్బుల మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్ర: నాకు 34 ఏళ్లు. రెండేళ్ల కిందట పెద్దపేగు పూత అని తేలింది. పేగు వాపు తగ్గించే మెసలమైన్ రోజుకు 2.4 గ్రాములు వాడుతున్నాను. ఆర్నెల్లుగా రక్తం, జిగట లేవు. ఇంట్లోవాళ్లు ‘ఇంకా ఎందుకీ బిళ్లలు’ అంటున్నారు. ఆపేయొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: ఆపొద్దు. ముందు రక్తం ఆగుతుంది, పూత మానడానికి ఆ తర్వాత చాలా నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో మందు మానేసినవాళ్లే ఎక్కువగా మళ్లీ మొదటికొస్తారు. లోపల ఎలా ఉందో తెలియాలంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించుకోండి. వాచిన పేగులోకి చేరిన తెల్లకణాలు వదిలే ప్రొటీన్ ఇది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే వాపు లేనట్టే. 250 దాటితే మీకు ఏ బాధా లేకపోయినా లోపల రగులుతోందన్నమాట. నడుమ అంకె వస్తే కంగారు పడకుండా నెలా రెండు నెలల్లో మళ్లీ చూడాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు మింగి పరీక్షకు వెళ్తే ఆ అంకె ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. అసలు మీ జబ్బుకు ఆ బిళ్లలే పడవు. తలనొప్పికైనా, ఒంటినొప్పులకైనా పారాసిటమాల్ వేసుకోండి.

1.2 గ్రాముల బిళ్లలైతే రోజుకు రెండే. రెండూ ఒకే పూట వేసుకోవచ్చు, పనితనం తగ్గదు, మరిచిపోవడం తగ్గుతుంది. నమలొద్దు, విరవొద్దు: పై పొర పెద్దపేగు దగ్గరికి చేరేదాకా కరగకూడదు. అరుదుగా ఈ మందు కిడ్నీలను దెబ్బతీస్తుంది కాబట్టి ఏడాదికోసారైనా క్రియాటినిన్ చూపించుకోండి. జబ్బు మొదలై ఎనిమిదేళ్లయ్యాక, బాగానే ఉన్నా సరే, క్యాన్సర్ మార్పుల కోసం కొలొనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) తప్పదు.

ప్ర: బిళ్లలతోపాటు రాత్రిపూట మెసలమైన్ ఎనిమా రాశారు. పెట్టుకున్న పది నిమిషాలకే బయటికొచ్చేస్తోంది. బిళ్లలు చాలవా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జ: చాలవు. ఈ పూత మొదలయ్యేదే మలాశయం దగ్గర, అక్కడినుంచి పైకి పాకుతుంది. బిళ్లలోని మందు అంత కిందికి వచ్చేసరికి తక్కువే మిగులుతుంది. ఎనిమా నేరుగా పుండు మీదికి వెళ్తుంది. సిగ్గుతోనో చిరాకుతోనో చాలామంది దీన్నే మొదట మానేస్తారు, తర్వాత ‘బిళ్లలు పనిచేయడం లేదు’ అంటారు.

నిలవకపోవడానికి సాధారణంగా మూడు కారణాలు: మందు చల్లగా ఉండటం, వేగంగా ఎక్కించడం, వెంటనే లేచి తిరగడం. దొడ్డికి వెళ్లొచ్చాక, పడుకోబోయే ముందే పెట్టుకోండి. సీసాను మూత తీయకుండా కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచండి, చల్లటి మందు తగిలితే పేగు బిగుసుకుని నెట్టేస్తుంది. మందు అడుగున పేరుకుంటుంది కనుక బాగా కుదపండి. ఎడమవైపు తిరిగి పడుకుని ఎడమకాలు చాపి, కుడి మోకాలు పొట్టకేసి మడవండి. గొట్టం మొనకు కాస్త వాజిలిన్ రాసి, బొడ్డువైపు చూసేలా నెమ్మదిగా పెట్టండి. 60 మిల్లీలీటర్లూ ఎక్కడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టాలి. నొక్కిన సీసాను వదలకుండానే బయటికి తీయండి, వదిలితే మందు మళ్లీ సీసాలోకే వస్తుంది. అరగంట కదలొద్దు. దీని మరకలు పోవు, పక్కమీద పాత దుప్పటి వేసుకోండి.

మొదటివారం నిలవకపోవడం మామూలే. వాపు తగ్గేకొద్దీ పేగే పట్టి ఉంచుతుంది. అప్పటికీ కుదరకపోతే ఫోమ్ రూపంలో ఇమ్మని అడగండి. పూత మలాశయం వరకే ఉంటే మాత్రం పడుకునే ముందు 1 గ్రాము సపోజిటరీయే (మలద్వారంలో పెట్టుకునే బిళ్ల) మేలు, ఎనిమా ఆ చోటును దాటి పైకి పోతుంది.

ప్ర: రక్తం కనబడినప్పుడల్లా పాత చీటీ చూపించి ప్రెడ్నిసొలోన్ కొని పది రోజులు వాడతాను, తగ్గిపోతుంది. ఈమధ్య మొహం ఉబ్బింది.
– ఒక పాఠకుడు, గాజువాక

జ: స్టెరాయిడ్ మంట ఆర్పుతుంది, నిప్పు ఉండిపోతుంది. వాడాల్సిన పద్ధతి వేరు: సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తగ్గుముఖం పట్టాక వారానికి 5 చొప్పున దించుతూ దాదాపు రెండు నెలల్లో ముగించాలి. పది రోజులకే ఆపితే వాపు సగంలో ఉండగానే వదిలేసినట్టు. తరచూ వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ కూడా పడిపోతుంది. అందుకే ఇప్పుడు బిళ్లలు మింగుతూ ఉంటే ఉన్నపళంగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు దించండి.

ఏడాదిలో రెండోసారి స్టెరాయిడ్ అవసరమైందంటే అసలు వైద్యమే మార్చాలి. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ ఇస్తే మొదటి రెండు నెలలు రక్తకణాల లెక్క తరచూ చూడాలి. మనవాళ్లలో కొందరికి ఎన్‌యూడీటీ 15 జన్యువులో తేడా ఉంటుంది, వాళ్లకు తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోయి జుట్టు రాలిపోతుంది. ఆ పరీక్ష ముందే చేయించుకోవడం మంచిది. ఇంకో మాట. రక్తం పడిన ప్రతిసారీ పూతే కారణం కాదు. యాంటీబయాటిక్స్ వాడాక వచ్చే క్లాస్ట్రిడియం ఇన్‌ఫెక్షనూ అచ్చం ఇలాగే ఉంటుంది, దాన్ని మల పరీక్షలో తేల్చుకోవాలి.

ప్ర: మా అబ్బాయికి 19 ఏళ్లు, 50 కిలోలు. క్రోన్స్ వల్ల చిన్నపేగు చివర సన్నబడిందన్నారు. భయంతో మజ్జిగన్నం తప్ప ఏమీ పెట్టడం లేదు. ఆరు కిలోలు తగ్గాడు.
– ఒక తల్లి, కర్నూలు

జ: మీ భయం అర్థమైంది గానీ మజ్జిగన్నంతో బిడ్డ కోలుకోడమ్మా. వాపు ఉన్నప్పుడు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీ అబ్బాయికి అది రోజుకు 60 నుంచి 75 గ్రాములు. రెండు గుడ్లలో 12 గ్రాములు, 100 గ్రాముల చేపలో 20 దాకా వస్తాయి. మెత్తగా ఉడికిన చికెన్, పనీర్, పొట్టులేని పెసరపప్పు, ఇడ్లీ, వడగట్టిన రాగిజావ పెట్టండి. సొర, బీర కాయలు తొక్కా గింజా తీసి వండండి. ఒకేసారి పళ్లెం నిండా కాకుండా ఐదారు విడతలుగా పెట్టండి.

పేగు సన్నబడినచోట చిక్కుకునేది నమిలినా నలగని పీచు. మునక్కాయ, గోరుచిక్కుడు, మొక్కజొన్న, పనస, పచ్చికొబ్బరి, పల్లీలు, బత్తాయి తొనల తోలు, ఆకుకూరల కాడలు వద్దు. ఆవకాయ వల్ల క్రోన్స్ రాదు, కానీ ఆ ముక్కా టెంకా ఇక్కడ ప్రమాదమే. అడిగితే అన్నంలో కాస్త ఊట కలపండి, విరేచనాలు పెరిగితే మానండి. పాలు పడట్లేదని అనుమానముంటే రెండు వారాలు ఆపి చూడండి, పెరుగు చాలామందికి పడుతుంది.

తిన్న గంటకు మెలిపెట్టే నొప్పి, పొట్ట ఉబ్బి వాంతులు, గాలి కూడా పోకపోవడం – ఇవి కనబడితే ఏమీ పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పేగు మూసుకుంటోందని అర్థం. బి12 శరీరానికి అందేది ఆ చివరి భాగంలోనే కాబట్టి దాన్నీ, ఐరన్‌నూ, విటమిన్ డి నీ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 10 లోపుంటే ఐరన్ బిళ్లలకంటే సెలైన్‌లో ఎక్కించడమే మేలు.

ప్ర: మొదట పేగు టీబీ అని ఆరు నెలలు మందులిచ్చి, ఇప్పుడు క్రోన్స్ అంటున్నారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చేముందు మళ్లీ టీబీ పరీక్షలా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జ: రెండూ చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోటే ఎక్కువగా వస్తాయి, పేగు ముక్క తీసి చూసే బయాప్సీలోనూ ఒక్కోసారి తేడా తెలియదు. టీబీ పుండ్లు రెండు నెలల మందులకే మానడం మొదలుపెడతాయి, క్రోన్స్‌వి మానవు. అందుకే నడుమ కొలొనోస్కోపీ చేస్తారు. ఇక క్రోన్స్‌కు వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఇంజెక్షన్లు రోగనిరోధక శక్తిని అణుస్తాయి కాబట్టి ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపగలవు. ఛాతీ ఎక్స్‌రే, ఇగ్రా రక్త పరీక్ష చేయించుకోండి, పాత చికిత్స కాగితాలన్నీ చూపించండి. టీబీ తగ్గాక కూడా ఇగ్రా పాజిటివ్‌గానే ఉండిపోవచ్చు.

ప్ర: పెళ్లికి బస్సులో ఆరు గంటల ప్రయాణం. పూత ఉంది, రోజుకు ఏడెనిమిదిసార్లు రక్తంతో అవుతోంది. విరేచనాలు ఆపే లోపరమైడ్ వేసుకుని వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జ: జబ్బు సద్దుమణిగి ఉన్నప్పుడైతే 2 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి వేసుకుని బయల్దేరొచ్చు. ఇప్పుడు వద్దు. బాగా వాచిన పెద్దపేగు కదలికను ఆపితే అది బెలూన్‌లా ఉబ్బి చిల్లు పడవచ్చు. రోజుకు ఆరుసార్లు, అంతకుమించి రక్త విరేచనాలవుతూ, నాడి 90 దాటినా, జ్వరం 100 డిగ్రీలు దాటినా, హిమోగ్లోబిన్ 10.5 కంటే తగ్గినా అది ఆసుపత్రిలో చేరాల్సిన స్థితి. అక్కడ స్టెరాయిడ్ నరంలోకి ఇచ్చి, మూడు రోజులు చూసి, తగ్గకపోతే ఇంకా బలమైన మందో ఆపరేషనో నిర్ణయిస్తారు. ఈ రోజే నాడి, జ్వరం చూసుకుని, రక్త పరీక్షకు వెళ్లండి.