పెద్దవాళ్ళతో నాపలి తీరానికి బోటులో వెళ్లొచ్చా?

జనవరిలో ఇండియా నుంచి వస్తున్న అమ్మానాన్నలతో హవాయి వెళ్తున్నాం, నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, కవాయి దీవిలో నాపలి బోటు టూర్‌కి తీసుకెళ్లొచ్చా అని అడిగారు. తీసుకెళ్లండి. మేము మా అత్తగారినీ మామగారినీ తీసుకెళ్లాం. కాకపోతే ఏ బోటు ఎక్కిస్తారన్నది ముఖ్యం.

ఆ తీరం పొడవునా రోడ్డు లేదు. 27 కిలోమీటర్ల దాకా సముద్రం ఒడ్డునే నిలువుగా లేచిన కొండలు, కొన్ని 4,000 అడుగుల ఎత్తు ఉంటాయి. నడిచి చూడాలంటే కలలావు ట్రైల్ అనే కాలిబాట ఒకవైపే 11 మైళ్లు. మోకాళ్ళు సహకరించనివాళ్ళకి హెలికాప్టర్ కాకుండా మిగిలింది బోటే.

బోట్లలో రాఫ్ట్ అనే చిన్నరకం ఒకటుంది. సముద్రం నెమ్మదిగా ఉంటే గుహల్లోకి కూడా వెళ్తుంది, ఫోటోల్లో చాలా బాగుంటుంది. కానీ రబ్బరు అంచు మీద కూర్చుని తాడు పట్టుకోవాలి, ప్రతి కెరటానికీ నడుము అదురుతుంది. పెద్దవాళ్ళకి వద్దే వద్దు. పెద్ద కాటమరాన్ (రెండు పడవలు జోడించినట్టుండే బోటు) తీసుకోండి. నీడ, బెంచీలు, బాత్రూం ఉంటాయి. బుక్ చేసేముందు ఫోన్ చేసి, ఎక్కడానికి మెట్లు ఎన్నో, నిచ్చెన ఉందో అడగండి.

జనవరి అంటే ఉత్తరం నుంచి పెద్ద అలలు వచ్చే కాలం. దీవి ఉత్తరాన హనలై వైపు బోట్లు ప్రధానంగా వేసవిలోనే నడుస్తాయి కాబట్టి మీకు దక్షిణాన ఉన్న పోర్ట్ అలెన్ రేవే గతి. అలలు మరీ ఎక్కువైతే కెప్టెన్ నాపలి మానేసి దక్షిణ తీరం వెంట తిప్పుతాడు, లేదా టూరే రద్దవుతుంది. అందుకని ట్రిప్‌లో మొదటి రోజుల్లోనే బుక్ చేసుకోండి, మార్చుకోవడానికి వీలుంటుంది. మీకు కలిసొచ్చేది ఏమిటంటే అది హంప్‌బ్యాక్ తిమింగలాల సీజన్. మా మామగారు కొండలకన్నా వాటి గురించే ఇప్పటికీ చెప్తారు.

బయల్దేరేముందు ఆయన ‘పాపికొండలు చూసినవాళ్ళమే కదా, ఇదేముంది’ అన్నారు. గోదావరి మీద లాంచీ వేరు, పసిఫిక్ వేరు. వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. పోర్ట్ అలెన్‌కి తిరిగొచ్చేటప్పుడు గాలికి ఎదురెళ్లాలి, బోటు ఎగిరెగిరి పడుతుంది, నీళ్లు మీదికి చిమ్ముతాయి. మధ్యాహ్నానికి గాలి ఇంకా పెరుగుతుంది కాబట్టి ఉదయం టూరే మంచిది. వాంతుల మాత్ర బోటు ఎక్కాక వేసుకుంటే పెద్దగా లాభం లేదు, ముందే వేసుకోవాలి. నాన్నగారికి గ్లాకోమా గానీ ప్రోస్టేట్ సమస్య గానీ ఉంటే మాత్రం డాక్టర్ని అడగకుండా ఇవ్వకండి. వెనక వైపు కింది డెక్ మీద కూర్చోబెట్టి దూరంగా చూస్తూ ఉండమనండి. తల తిరుగుతోందని లోపలికెళ్లి పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది.

అమ్మగారికి చీర వద్దు, చుడీదార్ నయం. చాలా బోట్లలో చెప్పులు విప్పించేస్తారు, తడి డెక్ మీద కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయి. శాకాహారులైతే ముందే చెప్పండి, అయినా మహా అయితే శాండ్‌విచ్ పెడతారు. బయటి తిండి తీసుకురానిస్తారో లేదో అడిగి, సరేనంటే పెరుగన్నం డబ్బా పట్టుకెళ్లండి. మా అత్తగారికి అదే దిక్కయింది. స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి అడుగుకి చూస్తూ ఈదడం) గురించి టెన్షన్ వద్దు, దిగనివాళ్ళు బోటులోనే కూర్చోవచ్చు.

ఇంకో రోజు కొండమీది కోకీ పార్కు వైపు కారులో వెళ్లి కలలావు లుకౌట్ నుంచి అదే తీరంలోని కలలావు లోయని పైనుంచి చూపించండి, నడక పెద్దగా ఉండదు. మబ్బులు కమ్మకముందే చేరుకోవాలి. అలాగే ఈ దీవిలోనే వైలువా ఊరి దగ్గర ఇరైవన్ కోవెల ఉంది. బెంగళూరు దగ్గర చేత్తో చెక్కిన గ్రానైట్ రాళ్ళతో కట్టిన శివాలయం, 2023లో కుంభాభిషేకం జరిగింది. దర్శనం వేళలు పరిమితం, ముందుగా ఆన్‌లైన్‌లో చూసుకుని వెళ్లండి.