విడుదల రోజే కొనాలా? మేనల్లుడికి మావయ్య ఉత్తరం

చిన్నా,

కొత్త హ్యాండ్‌హెల్డ్, అదే చేత్తో పట్టుకుని గేమ్‌లు ఆడే మెషీన్, విడుదల రోజే తెప్పించుకుంటానని రాశావు. ఋషికొండలో ఉద్యోగం, నీ సొంత జీతం. కొనొద్దని నేనెందుకంటాను? ఇన్నేళ్లుగా ఇవి కొంటూ, ఆడుతూ ఉన్నవాణ్ణి కాబట్టి ఒక్క ప్రశ్న అడుగుతాను. మొదటి నెలలో దాని మీద ఏ గేమ్ ఆడతావు? ఇప్పుడు నీ దగ్గరున్న ల్యాప్‌టాప్‌లో రానిదై ఉండాలి. పేరు టక్కున నోటికొస్తే కొనుక్కో. ముందుముందు మంచివి వస్తాయిలే అనుకుంటుంటే, అవి వచ్చాకే కొను.

నింటెండో కంపెనీ హ్యాండ్‌హెల్డ్ 3డీఎస్ 2011 మార్చిలో అమెరికాలో 250 డాలర్లకు వచ్చింది. ఆగస్టుకల్లా 170 అయింది. ముందు కొన్నవాళ్లకు ఊరడింపుగా 20 పాత గేమ్‌లు ఉచితంగా ఇచ్చారు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ ధర అలా పడిపోలేదు, కానీ రెండేళ్లకు అదే ధరలో బ్యాటరీ ఇంకా ఎక్కువసేపు వచ్చే మోడల్ తెచ్చారు. స్టీమ్ డెక్ అనే ఇంకో హ్యాండ్‌హెల్డ్ 2022లో వస్తే, మరుసటి ఏడాదే ఓఎల్ఈడీ తెరతో, పెద్ద బ్యాటరీతో ఇంకోటి దిగింది. ఆగినవాడికి మంచి మెషీన్ దొరుకుతోంది. ధర తగ్గుతుందని మాత్రం లెక్కలేసుకోకు. 2025 ఆగస్టులో అమెరికాలో పాత స్విచ్ ధర పెరిగింది కూడా.

మన విశాఖలో ఉన్నవాళ్లకి అసలు టెన్షన్ వేరే. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు. షాపులో దొరికేది ఎవరో బయటి నుంచి తెచ్చిన సరుకు, వారంటీ అంటే ఆ షాపువాడి మాటే. మొదటి వారాల్లో ఎగబడి కొంటారు కాబట్టి రేటు కూడా వాడు చెప్పిందే. స్విచ్ తర్వాత వచ్చిన స్విచ్ 2కి జపాన్‌లో చవకగా అమ్మే మోడల్ ఒకటుంది, అందులో జపనీస్ భాష తప్ప ఇంకోటి రాదు, జపాన్ అకౌంట్ తప్ప పనిచేయదు. తక్కువకొస్తోందని ఎవరైనా చూపిస్తే అది ఆ జపాన్ మోడలేమో ముందు పెట్టె మీద చూడు. పాత మెమరీ కార్డు వేసుకుంటే సరిపోతుందనీ అనుకోకు, స్విచ్ 2 గేమ్‌లకు మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకం కార్డే కావాలి. కార్డు, కేసు, రెండు గేమ్‌లు కలిపి చూస్తే బిల్లు ఎక్కడికి పోతుందో నువ్వే కూడుకో.

ఆసుస్ కంపెనీ ఆర్‌ఓజీ ఆలై లాంటి హ్యాండ్‌హెల్డ్‌లు మన దేశంలోనే బిల్లుతో అమ్ముతారు. 2023లో ఆలై ఇక్కడ 69,990 రూపాయలకు వచ్చింది. ఖరీదే, కానీ పాడైతే కంపెనీని అడగొచ్చు. బయట ఊళ్లో ఉండే స్నేహితుడి చేత తెప్పించే ముందు ఈ తేడా బాగా ఆలోచించు. నాకైతే రిపేరు దారి లేని మెషీన్ మీద మొదటి జీతాలు పెట్టడం ఇష్టం లేదు.

అయినా మనసు ఆగకపోతే, ఆన్‌లైన్‌లో కాకుండా షాపుకే వెళ్లు. అక్కడే ఆన్ చేయించు. బొటనవేళ్లతో కదిపే రెండు స్టిక్‌లూ అన్ని వైపులా తిప్పి చూడు, తెరంతా తెల్లగా పెట్టి నల్ల చుక్కలున్నాయేమో చూడు, ఛార్జింగ్ ఎక్కుతోందా చూడు. ఎన్ని రోజుల్లోగా మార్చి ఇస్తారో బిల్లు మీద రాయించు, సీరియల్ నంబరుతో సహా. రాయను అంటే లేచి వచ్చెయ్. శనివారం నాకు ఖాళీనే, డాబాగార్డెన్స్ వైపు వెళ్తే ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

ఉంటాను,
మావయ్య