నాన్న లేని టూర్‌కి మనసు రావడం లేదు

ప్రశ్న: అక్కా, నా వయసు 41. నాన్నగారు పోయి నాలుగు నెలలైంది. పద్దెనిమిదేళ్లుగా ఏటా పిల్లల సెలవుల్లో అమ్మా నాన్నా, అన్నయ్య కుటుంబం, మా కుటుంబం కలిసి వారం రోజులు ఎక్కడికో ఒకచోటికి వెళ్తాం. ఎక్కడికి వెళ్లాలన్న దగ్గర్నుంచి సామాను లెక్క దాకా అన్నీ నాన్నే చూసుకునేవారు. ఫొటోలు కూడా ఆయనే తీసేవారు. అందుకే ఏ ఫొటోలోనూ ఆయన ఉండరు. సాయంత్రం పూట తీసిన కొన్నింట్లో మాత్రం మా కాళ్ల దగ్గర ఆయన నీడ పడి ఉంటుంది. ఈ మధ్య ఫోన్ పట్టుకుని ఆ నీడనే చూస్తూ కూర్చుంటున్నాను.

ఈసారి కూడా వెళ్దామని అన్నయ్య టికెట్లు తీసేశాడు. "నాన్న ఉంటే మానేయమనేవారా?" అంటాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఇంత త్వరగా తనకెలా మనసొప్పింది? అమ్మేమో "మీరు వెళ్లి రండి, నేను ఇంట్లో ఉంటాను" అంటోంది. తొమ్మిదేళ్ల మా అమ్మాయి "అక్కడ నవ్వొచ్చా అమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక మాట మార్చేశాను. చుట్టాలు ఏమంటారోనన్న టెన్షన్ ఒకటి. వెళ్లాలా, మానాలా? 
- ఒక సోదరి

జవాబు: చెల్లీ, ముందు మీ అమ్మాయికి జవాబు చెబుదాం. నవ్వొచ్చు. ఈ మాట ప్రయాణం రోజు దాకా ఆగకుండా ఇవాళే, మీ నోటితోనే చెప్పండి. "నవ్వొచ్చు, ఏడుపొస్తే ఏడవొచ్చు. అమ్మ ఏడిస్తే భయపడకు, తాతయ్య గుర్తొచ్చారని అనుకో" అని చెప్పండి చాలు. ఆ వయసు పిల్లలు కాసేపు ఏడ్చి, కన్నీళ్లు ఆరకముందే ఆటలో పడిపోతారు. మళ్లీ రాత్రి పడుకునేటప్పుడు తాతయ్య గురించి ఏదో అడుగుతారు. వాళ్ల దుఃఖం అలా ముక్కలు ముక్కలుగానే బయటికొస్తుంది. నవ్వితే పెద్దవాళ్లు బాధపడతారేమోనని ఒక పిల్ల ఇప్పటినుంచే లెక్కలు వేసుకుంటోందంటే, ఆ బరువు ముందు దించాల్సింది మనమే.

ఇక వెళ్లాలా, మానాలా అన్నది. మీ అమ్మగారు ఒప్పుకుంటే వెళ్లండి. ఇది పుస్తకాలు చదివి మాత్రమే చెబుతున్న మాట కాదు.

మా అమ్మ పోయి పదకొండేళ్లు. ఆమె పోయిన ఏడు నెలలకు మేం మొదటిసారి కుటుంబమంతా ప్రయాణం పెట్టుకున్నాం. ఇంటికి తాళం వేశాక దాన్ని మూడుసార్లు గట్టిగా లాగి చూడటం మా అమ్మకు అలవాటు. లాగిన ప్రతిసారీ తలుపు గొళ్లెం టక్కుమనేది. ఆ మూడో టక్కు వినిపించాకే మేమంతా మెట్లు దిగేవాళ్లం. ఆ రోజు నాన్న తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నారు. ఎవరూ కదల్లేదు. సంచులు చేతుల్లో పట్టుకుని మెట్ల మీద అలాగే నిలబడిపోయాం. దేనికోసం ఆగామో అందరికీ తెలుసు, ఒక్కరం పైకి అనలేకపోయాం. చివరికి మా తమ్ముడు సూట్‌కేస్ కింద పెట్టి, వెనక్కి వెళ్లి తాళాన్ని మూడుసార్లు లాగాడు. అప్పుడు ఏడ్చాం, అందరం ఒకేసారి. రైలు మాత్రం అందుకున్నాం.

ఆ ప్రయాణంలో నాకు తెలిసొచ్చింది ఒక్కటే. పోయిన మనిషి గుర్తొచ్చేది కొండల్నీ సముద్రాన్నీ చూసినప్పుడు కాదు. వాళ్లు చేసే పని చేసేవాళ్లు లేక ఆగిపోయినప్పుడు. మీ నాన్నగారు సామాను లెక్కపెట్టేవారన్నారు కదా. రైలు దిగగానే మీరంతా అలవాటుగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ క్షణానికి ముందే సిద్ధపడాలి. అందుకని బయల్దేరడానికి వారం ముందు మీరూ మీ అన్నయ్యా కూర్చుని, నాన్న ఏమేం పనులు చేసేవారో ఒక కాగితం మీద రాయండి. టికెట్లు ఎవరి దగ్గరుండేవి? రాత్రి గది తలుపు గడియ వేశారో లేదో చూసేది ఎవరు? పిల్లల్ని పొద్దున్నే లేపేది ఎవరు? అమ్మ మందుల డబ్బా ఏ సంచిలో ఉందో తెలిసింది ఎవరికి? మీరు అనుకున్నదానికంటే ఆ కాగితం పొడుగ్గా వస్తుంది. రాస్తున్నప్పుడు ఏడుపూ వస్తుంది, నవ్వూ వస్తుంది. రాయడం అయ్యాక పనులు పంచుకోండి. అన్నీ మీ అన్నయ్య నెత్తిన వేసుకోనివ్వకండి. సామాను లెక్క మీ అమ్మాయికి ఇవ్వండి. తాతయ్య ఎలా లెక్కపెట్టేవారో దానికి మీకంటే బాగా గుర్తుండొచ్చు.

ఒక పని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా వదిలేయాలనిపిస్తే వదిలేయండి. మా ఇంట్లో ప్రయాణాల్లో కిటికీ పక్క సీటు విషయం అలాగే వదిలేశాం, మొదటిసారి అందులో ఎవరం కూర్చోలేదు. తర్వాతి ఏడు పిల్లలు దానికోసం కొట్టుకున్నారు. నాకు ఎంత హాయిగా అనిపించిందో!

"ఇంత త్వరగా" అన్న మీ మాట దగ్గరికి వస్తాను. నెదర్లాండ్స్‌లో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఒక విషయం వివరించారు. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు దుఃఖంలోకీ, బతుకు పనుల్లోకీ అటూ ఇటూ తిరుగుతూ ఉంటారనీ, కుదుటపడేది ఆ తిరుగుడులోనేననీ వాళ్లు చెప్పారు. ఎప్పుడూ ఒకవైపే ఉండిపోతే మనిషి నలిగిపోతాడు. దుఃఖం నుంచి కాసేపు సెలవు తీసుకోవడం కూడా అందులో భాగమే అన్నారు. మీ అన్నయ్య బతుకు పనుల వైపు పరిగెత్తి టికెట్లు తీశాడు. మీరు ఫొటోలో నీడ దగ్గర కూర్చున్నారు. ఇద్దరూ ఒకే మనిషికోసం బాధపడుతున్నారు. నాన్న ఏటా చేసే పని ఈ ఏడు ఆగిపోతే తట్టుకోలేకే మీ అన్నయ్య ఆ తొందర పడ్డాడేమో, ఒకసారి అడిగి చూడండి. "ఎందుకు తీశావ్?" అని కాకుండా "టికెట్లు తీసేటప్పుడు ఎలా అనిపించింది అన్నయ్యా?" అని అడగండి. ప్రయాణికుల పేర్లు నింపేటప్పుడు నాన్న పేరు దగ్గర తన చెయ్యి ఆగే ఉంటుంది.

మీ అమ్మగారి విషయం నిదానంగా చూడాలి. "మీరు వెళ్లి రండి" అన్న మాటకు రెండర్థాలు ఉండొచ్చు. నిజంగానే ఇంట్లో ఉండాలనిపించవచ్చు, మీకు భారం అవుతానన్న భయమూ కావచ్చు. కోడలూ మనవలూ అందరూ ఉన్న గదిలో అడిగితే ఆమె అదే మాట మళ్లీ అంటారు. మీరు ఒక్కరే పక్కన కూర్చుని అడగండి. "మాకోసం రావద్దమ్మా. నీకు ఏది కష్టమో చెప్పు, దాన్ని మారుద్దాం" అనండి. బహుశా ఆమెకు కష్టం ప్రయాణం కాదు, రాత్రి. ఇన్నేళ్లూ టూర్‌కి వెళ్తే అమ్మా నాన్నా ఒక గది. ఇప్పుడు ఆమె ఏ గదిలో పడుకోవాలి? మీతోనా, కొడుకు కోడలితోనా, ఒక్కరేనా? ఈ ప్రశ్న హోటల్ కౌంటర్ దగ్గర, సామాను మధ్య నిలబడి తేల్చే పని కాదు. మా నాన్న విషయంలో మేం అదే పొరపాటు చేశాం. "నాన్న నాతో", "కాదు నాతో" అని మేం ఇద్దరం ఆయన ఎదురుగానే వాదించుకుంటుంటే, ఆయన చేతిలో సంచి పట్టుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. గది ఎలా కావాలో అమ్మనే అడిగి, ముందే బుక్ చేయండి. ఒక్కదాన్నే ఉంటానంటే ఉండనివ్వండి, పక్క గది మీరు తీసుకోండి. మనవరాలితో పడుకుంటానంటే మంచిదే, అయితే అమ్మమ్మను కనిపెట్టుకుని ఉండే బాధ్యత మాత్రం ఆ పిల్ల మీద పెట్టకండి.

ఆమె అప్పటికీ రానంటే బలవంతం వద్దు. వారం బదులు మూడు రోజులకు రమ్మనొచ్చు. అదీ వద్దంటే ఆమెకు ఇష్టమైనవాళ్లు ఎవరైనా ఆ రోజుల్లో తోడుండేలా చూడండి. ఆమెను ఒక్కదాన్నే ఇంట్లో వదిలి మాత్రం వెళ్లకండి. అవసరమైతే ప్రయాణం ఇంకో సెలవులకు జరపండి.

అక్కడ ఉన్నట్టుండి ఎవరికైనా దుఃఖం పొంగుకొస్తుంది, రాకుండా ఉండదు. 1942లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. అందులో తమవాళ్లను పోగొట్టుకున్నవారితో సహా ఎందరితోనో మాట్లాడిన ఎరిక్ లిండెమన్ అనే మనోవైద్యుడు 1944లో ఒక వ్యాసం రాశారు. గొంతు పట్టేయడం, ఊపిరి ఆడనట్టుండటం, కడుపులో ఖాళీగా అనిపించడం, ఇవన్నీ అలలు అలలుగా వస్తాయనీ, ఒక్కో అల 20 నిమిషాల నుంచి గంట దాకా ఉంటుందనీ అందులో ఉంది. నాకు ఈ లెక్క చాలా ధైర్యమిచ్చింది. అమ్మ ఉన్నట్టుండి ఏడిస్తే ఆ రోజు కార్యక్రమమంతా రద్దు చేయక్కర్లేదు. పిల్లల్ని తీసుకుని మిగతావాళ్లు ముందుకు నడవాలి, ఒకరు ఆమె పక్కన కూర్చోవాలి. ఏమీ మాట్లాడక్కర్లేదు, "ఏడవకు" అనక్కర్లేదు. గంట తర్వాత ఆమే లేచి "పద" అంటారు. అనకపోతే గదికి వెళ్లిపోండి, చూడాల్సిన చోటు రేపూ అక్కడే ఉంటుంది. దీనికి వీలుగా ఏ రోజుకారోజు ఒక్క కార్యక్రమమే పెట్టుకోండి. ఈ ఏడాదికి అంతకన్నా వద్దు.

నాలుగు నెలలకు ఇంత బాధ ఉండటం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో కూడా దుఃఖాన్ని జబ్బుగా చూడటానికి కనీసం ఆరు నెలలు దాటాలి, దానితోపాటు రోజువారీ బతుకు కుంటుపడేంత తీవ్రత ఉండాలి. అయితే మీ అమ్మగారు గానీ మీరు గానీ "ఇక బతికి ఏం లాభం" అనడం మొదలుపెడితే నెలలు లెక్కపెట్టకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

చుట్టాల మాటకొస్తే, అనేవాళ్లు వెళ్లినా అంటారు, వెళ్లకపోయినా అంటారు. మీ అమ్మ మనసు మీకు తెలిస్తే చాలు.

ఎవరూ ఆలోచించనిది ఇంకొకటుంది: తిరుగు ప్రయాణం. వారం రోజులు పదిమంది మధ్య ఉన్న మనిషి, తాళం తీసి ఆ ఇంట్లోకి మళ్లీ ఒక్కరే అడుగుపెట్టాలి. వెళ్లేటప్పటికన్నా అది కష్టం. అందుకే మీ సెలవు రెండు రోజులు ఎక్కువ పెట్టుకుని, దిగగానే ఎవరింటికి వాళ్లు వెళ్లిపోకుండా అమ్మతోపాటే ఆమె ఇంటికి వెళ్లండి. సంచులు అక్కడే విప్పండి. ఫొటోలు అక్కడే కూర్చుని చూడండి. ఈసారి ఫొటోలు ఎవరు తీశారో, ఎవరి నీడ పడిందో మీ అమ్మాయే వెతుకుతుంది.

ప్రశ్న: మేడమ్, మా అత్తగారు పోయి మూడు నెలలు. నా భార్య నవ్వడమే మానేసింది. కాస్త మార్పు ఉంటుందని, తనకు చెప్పకుండా విమానం టికెట్లు, హోటల్ బుక్ చేసి చేతిలో పెట్టాను. "ఎవరడిగారు నిన్ను?" అని విసిరికొట్టింది. దుఃఖానికి ఐదు దశలుంటాయట, తను ఇప్పుడు కోపం దశలో ఉందా? కొన్నాళ్లాగితే సర్దుకుంటుందా? "మా అమ్మ ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు" అని కూడా అంది.
- ఒక భర్త

జవాబు: ఆ ఐదు దశల మాట ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మనోవైద్యురాలు 1969లో, చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి రాసింది. దాన్ని పట్టుకుని మీ భార్య ఎన్నో మెట్టు మీద ఉందో కొలవకండి. ఆమె కోపానికి కారణం మీ ఉత్తరం చివర్లోనే ఉంది. వాళ్లమ్మను ఎప్పుడో ఒకసారి తీసుకెళ్లాలని ఆమె అనుకుని ఉంటుంది. వచ్చే ఏడు, ఆ పై ఏడు అంటూ ఉండగానే వాళ్లమ్మ వెళ్లిపోయింది. ఇప్పుడు తను ఆ విమానం ఎలా ఎక్కగలదు?

మీ ప్రేమలో తప్పు లేదు, అడగకుండా బుక్ చేయడంలో ఉంది. టికెట్లు రద్దు చేయడానికి గడువు ఎప్పటిదాకా ఉందో చూసి, అది దాటకముందే రద్దు చేయండి. చేశాక ఆమెకు చెప్పండి, "నిన్ను అడగాల్సింది, అడగలేదు" అనండి. డబ్బు ఎంత పోయిందో ఆమెకు చెప్పకండి. ఆ తర్వాత ఒకరోజు, తీరిక ఉన్నప్పుడు, అత్తయ్యకు ఎక్కడికి వెళ్లాలని ఉండేదో అడగండి. మొదట ముభావంగా ఉండొచ్చు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం మధ్యలో "అయితే అక్కడికే వెళ్దాం" అని అందుకోకండి. ఆమె పూర్తిగా చెప్పనివ్వండి.