డీటీపీ పనికి మ్యాక్ కొనాలా?

ప్రశ్న: చిక్కడపల్లిలో ఇంట్లోనే డీటీపీ చేస్తాను. పెళ్లి కార్డులు, పుస్తకాలు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు వాడతాను. నెలకు 30 నుంచి 45 వేలు వస్తాయి. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది, 11 ఎక్కదట. 90 వేల మ్యాక్‌బుక్ నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోమని మా తమ్ముడు అంటున్నాడు. విండోస్ బదులు లైనక్స్ అనే సిస్టం వేసుకుంటే ఉచితం అంటున్నారు ఇంకొకరు. అత్యవసరాలకని దాచింది 80 వేలు. ఏం చేయమంటారు?

జవాబు: మ్యాక్ మంచిదే కానీ మీకు ఇప్పుడు వద్దండి. మీ సంపాదనంతా పేజ్‌మేకర్ ఫైళ్ల మీదే నడుస్తోంది. దాని చివరి వెర్షన్ 2001లో వచ్చింది, ఇప్పటి మ్యాక్‌లలో పనిచేయదు. అను ఫాంట్లలో కొట్టిన పాఠం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి కన్వర్టర్‌లో వేసి, ఒత్తులు చెదిరిన చోటల్లా కూర్చుని దిద్దుకోవాలి. పాత కస్టమర్ వచ్చి "రీప్రింట్ వేస్తున్నాం, నాలుగు మార్పులు చేసివ్వండి" అంటే ఆ దిద్దుబాటుకే రోజులు పడతాయి. దానికి ఎవరూ డబ్బివ్వరు. మ్యాక్ ధరలో ఈ ఖర్చు కూడా కలపండి. లైనక్స్ ఉచితమే అయినా ఈ చాకిరీ తప్పదు.

ఇక ఈఎంఐ. 90 వేలకు 12 నెలలంటే నెలకు 7,500. నో కాస్ట్ అని వడ్డీ మేరకు ధర తగ్గించినా, బ్యాంకు వేసే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ కార్డు బిల్లులో పడుతుంది. 15 శాతం వడ్డీ అనుకుంటే ఆ జీఎస్టీ మొత్తం సుమారు 1,240 రూపాయలు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. అంతకంటే నాకు ఆషాఢం గురించే టెన్షన్. కార్డుల పని పడిపోయిన నెలలో కూడా వాయిదా ఆగదు.

విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీతో, 55 వేలు దాటకుండా చూడండి. ఆ 7,500నే నాలుగు నెలలు పక్కన పెడితే 30 వేలవుతాయి. మిగతా 25 వేలు దాచిన దాంట్లోంచి తీసి, అదే 7,500తో నాలుగు నెలల్లో పూడ్చేయండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. ఈలోగా బ్యాంకు పనులు ఫోన్‌లో చేసుకోండి.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో నాలుగు షాపులు తిరగండి. పేజ్‌మేకర్, అను అక్కడే వేయించి, మీ ఫైలొకటి తెరిచి చూశాకే డబ్బు కట్టండి. ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉందో లేదో అడగండి. మీకు జీఎస్టీ నంబర్ ఉండి, కాంపొజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులకు తక్కువ రేటు పన్ను పథకం) లేకపోతే బిల్లు ఆ నంబర్ మీదే రాయించుకోండి, కట్టిన 18 శాతం పన్నును మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు.

కొత్త పుస్తకాలు మాత్రం ఇకనుంచి రామభద్ర, మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మొదలుపెట్టండి. దాని నెలవారీ చందాను మీ రేటులో కలుపుకోండి. ఆ ఫైళ్లు మ్యాక్‌లోనూ తెరుచుకుంటాయి కాబట్టి రెండు మూడేళ్ల తర్వాత మారాలనుకున్నా ఇంత భారం ఉండదు. పాత ల్యాప్‌టాప్ అమ్మకండి. నెట్ తీసేసి, రీప్రింట్ల కోసం ఉంచుకోండి.